కోతల పండుగకి వచ్చిన గుర్రం

ఆ గుర్రాన్ని ఎవరూ పాడుకోలేదు.

మా చర్చిలో కోతల పండుగ రోజున ఎవరి పంటలోది వాళ్లు కానుకగా తెచ్చి బల్ల ముందు పెట్టేవాళ్లు. గుమ్మడికాయలు, కందులు, పత్తి మూటలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, అన్నిటికన్నా ఎక్కువగా మిరపకాయలు. ఆరాధన అయ్యాక ఆవరణలో వాటన్నిటికీ వేలం పాట జరిగేది. ఎనభైల్లో ఒక ఏడాది, నేను బడిపంతులుగా చేరిన రెండో సంవత్సరం, అద్దంకి వైపు జట్కా తోలుకునే ఒక పెద్దాయన కానుకల వరసలో ఎర్ర గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చి నిలబడ్డాడు. కోడిపుంజుల దాకా జోరుగా సాగిన పాట గుర్రం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. సంఘపెద్ద మూడుసార్లు అడిగాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఆ గుర్రం సంగతి అందరికీ తెలుసు. రెండు జట్కాల ముందు పలకలు తన్ని విరగ్గొట్టింది. బస్సు హారను వినపడితే బండితో సహా పొలంలో పడేది. పెద్దాయన దాన్ని దేవుడికి ఇచ్చాడో, దేవుడి పేరు చెప్పి వదిలించుకున్నాడో ఆయనకే తెలియాలి.

చివరికి అది నాకు వచ్చింది.

నేను మా అమ్మతో చర్చి పక్కనే ఒక గదిలో ఉండేవాణ్ణి. నేను పాఠాలు చెప్పే బడి మాత్రం ఆరు మైళ్ల అవతలి ఊళ్లో ఉంది. ఆ ఊరికి బస్సు లేదు. నల్లరేగడి చేల మధ్య డొంక దారి ఒక్కటే ఉంది. వానాకాలంలో ఆ బురద చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య గట్టిగా పట్టేసి, సైకిలు నన్ను మోసేది పోయి నేను సైకిల్ని మోసుకుంటూ వెళ్లేవాణ్ణి. ఎండాకాలం వస్తే నేల నెర్రెలు విచ్చేది, తుమ్మముళ్లకి ట్యూబులు నిలిచేవి కావు. మా పాస్టరు గారిని అందరం అయ్యగారు అనేవాళ్లం. ఆయన అయిదు ఊళ్ల సంఘాలు చూసుకునేవారు. మా సంఘంలో గుర్రం అవసరం ఉన్నది, పెళ్లాంబిడ్డలు లేనిది నేనొక్కణ్ణే అని ఆయన తేల్చేశారు.

"పంతులూ, నువ్వు రోజూ పన్నెండు మైళ్లు తిరగాలి. దానికి రోజూ పన్నెండు మైళ్లు తిరగకపోతే తోచదు. మీ ఇద్దరికీ కుదురుతుంది" అన్నారు.

ఆ మాటతో పాటే ఒక షరతు కూడా పెట్టారు. ఏటా ఈస్టరు ముందు చర్చికీ సమాధులకీ వెల్ల వెయ్యడానికి పిడుగురాళ్ల నుంచి ఒకాయన ట్రాక్టరు మీద సున్నం తెచ్చేవాడు. బట్టీ దగ్గర రాయి లాగే బండికి గుర్రం కావాలని ఆయన అప్పటికే కబురు పెట్టాడట. "ఈస్టరు లోపల అది నీ చేతికి వస్తే ఉంచుకుందాం. రాకపోతే ఆయనకి ఇచ్చేద్దాం. ఊళ్లో పిల్లా జెల్లా తిరుగుతుంటారు, దీన్ని ఊరికే కట్టేసి ఉంచలేం" అన్నారు అయ్యగారు.

ట్రైనింగులో ఉండగా ఒకసారి బస్సు కిటికీలోంచి ఆ బట్టీల దగ్గర బండి లాగే గుర్రాన్ని చూశాను. దాని అసలు రంగేమిటో చెప్పలేనంతగా సున్నం కొట్టుకుపోయింది. కళ్ల నుంచి కారిన నీళ్లు మాత్రం చెంపల మీద రెండు చారలు గీశాయి. కానుకల వరసలో నిలబడి కోళ్ల కేసి చెవులు రిక్కించి చూస్తున్న ఈ ఎర్రదానికి ఆ గతి పట్టకూడదని నాకు గట్టిగా అనిపించింది. గుర్రాల గురించి నాకు అప్పటికి తెలిసింది అంతే.

నాకు కోపం ఎక్కువ. ఇప్పుడు తగ్గిందని ఇంట్లోవాళ్లు అంటారు కానీ నేను ఒప్పుకోను. ఆ రోజుల్లో అయితే నాకు చేతిలో బెత్తం లేకపోతే పాఠం వచ్చేది కాదు. చెప్పిన మాట వినకపోతే ఒకటి వెయ్యాలి, వింటే మెచ్చుకోవాలి, ఇంతకు మించి చదువులో రహస్యమేమీ లేదని నా నమ్మకం. గుర్రానికి కూడా అదే చాలనుకున్నాను.

జట్కా పెద్దాయన రెండు రోజులు మా దగ్గరే ఉండి నాకు స్వారీ నేర్పాడు. జీను లేదు. మా అమ్మ దుప్పటి నాలుగు మడతలు వేసి గుర్రం వీపు మీద పరిచాడు. ఆయన ఎక్కితే అది పక్కపక్కకి అడుగులేస్తూ, మెడ విల్లులా వంచి, ముక్కుతో బుసకొడుతూ నడిచేది. దాని ఒంట్లో ఏ కండరమూ ఊరికే ఉండేది కాదు. అయినా ఆయన్ని మాత్రం పడేసేది కాదు.

"ఇది చెడ్డది కాదు పంతులుగారూ. ఊపు ఎక్కువ, పని తక్కువ, అంతే. పగ్గం బిగబట్టారంటే మీతో పోటీకి వస్తది. పట్టండి, వదలండి. మళ్లీ పట్టండి, మళ్లీ వదలండి. పాలు పిండేటప్పుడు చెయ్యి ఎట్టా ఆడుద్ది, అట్టా. పరుగు అందుకుంటే ఆపాలని చూడమాకండి, తిప్పండి. గుండ్రంగా తిప్పితే ఎంత జోరైనా దిగుద్ది."

"కొట్టాలా?" అని అడిగాను.

ఆయన నా చేతిలోని చింతబరికె వైపు చూసి, "మీ ఇష్టం. నేనైతే ఎప్పుడూ కొట్టలా" అన్నాడు. మూడో రోజున కూతురి దగ్గరికి వేటపాలెం వెళ్లిపోయాడు. కూతురు అక్కడ జీడిపప్పు కొట్టే చోట పనిచేసేది.

మొదటి పది రోజులు గుర్రం నన్ను బాగానే ఏడిపించింది కానీ, అది నాకూ దానికీ మధ్య వ్యవహారంలా ఉండేది. కౌజుపిట్ట లేస్తే గంతేసేది. చేలో ఇంజను మోగితే పక్కకి దూకేది. నేను జారిపోయి మెడ పట్టుకుని వేలాడేవాణ్ణి. అయినా ఆరు మైళ్లూ చేరేవాళ్లం. అసలు బాధ దాని వెన్నెముకతో వచ్చింది. ఆ దుప్పటి మీద కూర్చుని వెళ్లి వెళ్లి బడిలో కుర్చీ మీద కూర్చోలేకపోయాను. దానికి తోడు మా అమ్మ చలికి తన దుప్పటి తనకి కావాలని తీసేసుకుంది. నేనే ఒక జీను కుట్టాను. కోతల పండుగలో ఎవరో మిరపకాయలు పాడుకుని, కాయలు తమ గోతాంలోకి దిమ్మరించుకుని వెళ్తే, ఖాళీ టిక్కీ చర్చి మూలన పడి ఉంది. కాయ నింపి మార్కెట్ యార్డుకి పంపే పెద్ద గోతాన్నే మా వైపు టిక్కీ అంటారు. దానిలో వరిగడ్డి కూరి, దబ్బనంతో అడ్డకుట్లు వేసి, కాళ్లు పెట్టుకోవడానికి రెండు పక్కలా తాళ్లు కట్టాను. ఆ పనితనం చూసుకుని నేనే మురిసిపోయాను. అమ్మ కూడా బాగుందనే అంది.

ఆ తరవాత వారం నుంచి గుర్రానికి పిచ్చెక్కింది.

మా ఊరి నుంచి మైలున్నర దూరంలో వాడకుండా వదిలేసిన పొగాకు బేరన్ ఒకటి ఉండేది. పొగాకు కాల్చే ఎత్తైన గోడలు, పైకప్పు సగం ఊడిపోయి ఉండేది. అక్కడిదాకా మామూలుగా చిందులేస్తూ వచ్చే గుర్రం సరిగ్గా ఆ గోడలు దాటేసరికి మరో జంతువైపోయేది. వెనక కాళ్లు ఎగరేసేది. తల వెనక్కి తిప్పి తన పక్కటెముకల్నే కొరకబోయేది. ఆ తరవాత పరుగు అందుకుంటే ఇంక నా చేతిలో ఏమీ ఉండేది కాదు. నేను పగ్గం బలమంతా పెట్టి లాగేవాణ్ణి. బరికెతో బాదేవాణ్ణి. అది నన్ను తుమ్మచెట్ల కిందో, కంది చేలోనో పడేసి పోయేది. దాన్ని వెతికి పట్టుకుని, నడుచుకుంటూ బడికి వెళ్లేసరికి తల ప్రాణం తోకకొచ్చేది.

బేరన్‌లో గాలి ఉందని రైతులు అన్నారు. మా సంఘంవాళ్లు గాలి అనలేరు కాబట్టి సాతాను అన్నారు. నేను రెండూ లేవని వాదించి, ఆ గోడలు దాటేటప్పుడు మాత్రం మనసులో ప్రార్థన చేసుకునేవాణ్ణి. సాయంత్రం బడి నుంచి తిరిగి వచ్చేటప్పుడు అదే పిచ్చి బేరన్ దగ్గర కాకుండా, బడికి మైలున్నర ఇవతల కాలవ లాకు దగ్గర మొదలయ్యేది. "అది సాయంత్రం పూట అక్కడికి మకాం మారుస్తదేమోరా" అంది అమ్మ. మబ్బు పట్టి చల్లగా ఉన్న రోజున బేరన్ దాటి ఇంకో మైలు దాకా ఏమీ అయ్యేది కాదు. లెక్కలు చెప్పే పంతుల్ని, ఈ మూడూ పక్కపక్కన పెట్టి కూడితే ఏమొస్తుందో చూడాలని నాకు తోచలేదు. నాకూ తొడలు మండుతుండేవి. స్వారీ కొత్త కదా అనుకున్నాను. పైగా మిరప కోతలు సాగుతున్నాయి. ఆ నెలల్లో మా వైపు మంట లేని ఒళ్లు ఉండదు. గాలి మండుతుంది, ముక్కు మండుతుంది, తల్లి చెయ్యి తగిలితే చంటిపిల్లలు ఏడుస్తారు. మంట గురించి ఎవరైనా మాట్లాడితే కొత్తగా వచ్చినవాళ్లని అర్థం.

బడిలో పిల్లలు పొద్దున సగానికి సగం వచ్చేవాళ్లు కాదు. మధ్యాహ్నం మిరప చేల నుంచి నేరుగా వచ్చి కూర్చునేవాళ్లు. కూర్చున్నాక కుదురు ఉండేది కాదు. చేతులు గోడకి రుద్దడం, అరచేతులు ఊదుకోవడం. మూడో తరగతిలో చురుకైన పిల్ల ఒకతి ఉండేది. ఒకరోజు ఎక్కం రాయమంటే పలక పట్టుకోకుండా, రెండు అరచేతుల్నీ చల్లటి నేలకి ఆనించి కూర్చుంది. నేను ఆ రోజు రెండుసార్లు కింద పడి వచ్చాను. చెయ్యి చాపమని బెత్తంతో రెండు వేశాను. ఆ పిల్ల ఏడవలేదు. చెయ్యి వెనక్కి పెట్టుకుని నన్ను చూసింది. అప్పటి నుంచి నేను ఎప్పుడు దగ్గరికి వెళ్లినా రెండు చేతులూ వెనక దాచుకునేది. భయం ఉండటం మంచిదేలే అనుకున్నాను.

మట్టల ఆదివారం వచ్చింది. ఈస్టరుకి ముందు ఆదివారం అందరూ ఈత మట్టలు పట్టుకుని పాడుకుంటూ ఊరి మొదటి నుంచి చర్చి దాకా నడిచి వస్తారు. ఈసారి పంతులు గుర్రం మీద ముందు నడిస్తే బాగుంటుందని కుర్రాళ్లు అన్నారు. ప్రభువు వచ్చింది గాడిద పిల్ల మీద కదా అని అయ్యగారు నసిగారు. గుర్రం నా చేతికి వచ్చిందని ఊరంతటికీ చూపించాలని నాకు ఉంది. బేరన్ దాకా అయితే వెళ్లక్కర్లేదు కదా, ఊళ్లోనే కదా అని ఒప్పుకున్నాను. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను.

డప్పులు, పాటలు, తల చుట్టూ ఆడుతున్న మట్టలు. ఊరేగింపు అడుగు తీసి అడుగు వేస్తోంది. ఎండ ఎక్కింది. కదలడానికి చోటు లేక గుర్రం నిలబడ్డ చోటే చిందులేస్తూ మెడ నుంచి చెమటలు కార్చింది. నేను పగ్గం బిగబట్టాను. మరీ బిగబట్టాను. అది ఒక్కసారిగా ముందు కాళ్లు పైకెత్తి, జనం విడిపోయిన సందులోంచి కాలవ దూకి చేలకి అడ్డంపడింది. వెనక పాట ఆగిపోవడం నాకు వినపడింది.

అది నన్ను నేరుగా ఒక రైతు కళ్లంలోకి తీసుకుపోయింది. ఎండబెట్టిన మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. పదిమంది ఆడవాళ్లు చుట్టూ కూర్చుని రంగు మారిన తాలు కాయలు ఏరుతున్నారు. గుర్రం ఆ కాయల్ని తొక్కుకుంటూ వెళ్లి, నన్ను వాటి మీద పడేసి, నీళ్ల ఇంజను పక్కన బోదెలో ఉన్న బురదలో వీపు మోపి దొర్లడం మొదలుపెట్టింది. నా కళ్లూ ముక్కూ నోరూ కారం. తెల్ల చొక్కా సంగతి చెప్పక్కర్లేదు. తుమ్ముతూనే లేచి, కాయలు తిరగెయ్యడానికి పెట్టిన కర్ర అందుకుని గుర్రం మీదికి వెళ్లాను. దాన్ని చంపెయ్యాలన్నంత కోపం వచ్చింది.

కర్రని ఎవరో వెనక నుంచి పట్టుకున్నారు. తిరిగి చూస్తే బడి ఉన్న ఊరి నుంచి కూలికి వచ్చిన ఆవిడ. నేను చేతి మీద కొట్టిన పిల్ల తల్లి. ఆదివారం పూట చర్చి మాని పనికి వచ్చింది.

"ఆగండి పంతులుగారూ. అది వీపు చూపిస్తా ఉంటే కొట్టేదేంటండీ?"

ఆవిడ బురదలో దిగి, తాళ్లు విప్పి, నా జీనుని దాని ఒంటి మీద నుంచి పీకింది. కింద వీపంతా వెంట్రుకలు ఊడి, దద్దులు తేలి, పచ్చి ఎరుపుగా ఉంది. ఆవిడ ఆ గోతాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని తుమ్మింది. కుట్టు దగ్గర వేలితో చింపితే గడ్డితో పాటు నాలుగు మిరప గింజలు రాలాయి.

"టిక్కీ గోతం కదా ఇది. ఎవరు కుట్టారండీ?"

"నేనే" అన్నాను.

ఆడవాళ్లందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఎండుగా ఉన్నంతసేపూ ఇది ఏమీ చెయ్యదండి. చెమట పడితేనే దీని పని. టిక్కీలు మోస్తే మా నడుములూ ఇట్టాగే అవుతాయి" అంది. తరవాత, వాన పడేట్టుంది అన్నంత మామూలుగా, "మా పిల్లని పలక పట్టుకోలేదని కొట్టారంట. ఆ రోజు పొద్దున్నుంచీ నాతో కాయ కోసిందండి. అదీ ఇదే మంట" అంది.

నాకు సిగ్గేసింది. జీవితంలో సిగ్గుపడాల్సిన పనులు ఆ తరవాత కూడా కొన్ని చేశాను కానీ, అంత సిగ్గు మళ్లీ ఎరగను. బేరన్ దగ్గరికి వచ్చేసరికి దానికి చెమట పట్టేది. తిరిగి వచ్చేటప్పుడు లాకు దగ్గర పట్టేది. చల్లటి రోజున ఆలస్యంగా పట్టేది. మంట నేనే పెట్టి, మండుతున్నందుకు నేనే కొట్టాను. అదీ రెండు చోట్ల.

ఆవిడ అన్నం మూటలోంచి మజ్జిగ ముంత తెచ్చి దాని వీపు మీద నెమ్మదిగా పోసింది. గుర్రం ఒళ్లంతా వణికింది. తరవాత తల దించింది. ఇంకా దించి, ముక్కు దాదాపు నేలకి తాకేలా పెట్టి నిలబడిపోయింది. దాని మెడ అంత పొడుగని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఆదివారం గుడికి రాలేదని అడగబోతారేమో. కాయ ఆగదండి" అంది ఆవిడ, ముంత కడుక్కుంటూ.

"అడగనక్కా" అన్నాను.

కళ్లం రైతు అయ్యగారి దగ్గరికి వెళ్లి గట్టిగానే మాట్లాడాడట. సాయంత్రం నేను గోతం సంగతంతా చెప్తే అయ్యగారు విని గడ్డం గోక్కున్నారు.

"తప్పు గోతానిదని నువ్వంటున్నావు. గుర్రానిదని ఆ రైతు అంటున్నాడు. శనివారం సున్నం ట్రాక్టరు వస్తుంది. ఆదివారం తెల్లారేసరికి మీ బడి ఉన్న ఊళ్లో సమాధుల దగ్గర ప్రార్థన నువ్వే నడిపించాలి. గుర్రం మీద వెళ్లి, గుర్రం మీద తిరిగి రా. నడిచి వచ్చావంటే ఇంక నేను మాట్లాడేదేమీ లేదు."

అంటే నా చేతిలో ఆరు రోజులు ఉన్నాయి. ఆ వీపు మీద మొదటి మూడు రోజులు ఈగని కూడా వాలనివ్వకూడదు. సోమవారం నుంచి బుధవారం దాకా గుర్రాన్ని తాడుతో పట్టుకుని నడిచాను. పొద్దునా సాయంత్రం వీపుకి మజ్జిగ. ఇంట్లో మనుషులకి మజ్జిగ లేకుండా పోయిందని అమ్మ సణిగింది. నడుస్తూ వెళ్తే అది దారి పొడుగునా ప్రతిదీ వాసన చూసేది. పత్తి చేలో తూము, విరిగిన బండి చక్రం, ఎవరిదో తువ్వాలు. దేన్నైతే చూసి బెదిరేదో దాని దగ్గరికి తనే వెళ్లి ముక్కు ఆనించేది. పైన కూర్చుని ఇన్నాళ్లూ నేను దానికి ఆ తీరిక ఇవ్వలేదు.

బేరన్ దగ్గర మాత్రం ఆగిపోయింది. వీపు మీద ఏమీ లేకపోయినా ఆగి వణికింది. ఆ చోటే తనని కాల్చిందని అది అనుకుంటోంది. నేను కొట్టలేదు, లాగలేదు, పక్కనే నిలబడ్డాను. బడికి ఆలస్యమైంది. మర్నాడు అంతసేపు ఆగలేదు. బుధవారం రెండుసార్లు చెవులు ఆడించి నడిచేసింది.

గురువారం అమ్మని బతిమాలి దుప్పటి తెచ్చి, మెత్తగా మడిచి వేసి ఎక్కాను. బేరన్ గోడలు కనపడగానే గుర్రం మళ్లీ బిగుసుకుంది. ఈసారి ఎందుకా అని చూసుకుంటే నా మోకాళ్లు దాని పక్కటెముకల్ని నొక్కేస్తున్నాయి. పగ్గం పట్టిన పిడికిళ్లు తెల్లబడ్డాయి. ఇన్నాళ్లూ బేరన్‌లో ఉందన్న దెయ్యం నా మోకాళ్లలో ఉంది. దిగి నాలుగడుగులు నడిచి, మళ్లీ ఎక్కి, చేతులు వదులు చేసుకున్నాను. పట్టడం, వదలడం. పాలు పిండినట్టు అని పెద్దాయన ఎందుకన్నాడో అప్పుడు చేతికి తెలిసింది.

గుర్రానికి ఆ వారమంతా తప్పు ఒప్పుకుంటూనే ఉన్నాను. బడిలో ఆ పిల్లకి మాత్రం ఏమీ చెప్పలేకపోయాను. బెత్తం బీరువా పైన పెట్టేశాను, అంతే. పంతులు ఒక పిల్లకి తప్పయిందని ఎలా చెప్తాడో నాకు ఎవరూ నేర్పలేదు.

శనివారం ట్రాక్టరు వచ్చింది. కుర్రాళ్లు సున్నం కలిపి సమాధులకి వెల్ల వేస్తుంటే, తెచ్చినాయన గుర్రం దగ్గరికి వచ్చి నోరు తెరిచి పళ్లు చూశాడు. ఛాతీ మీద చరిచి చూశాడు. వీపు మీద మానుతున్న పుండ్లు చూసి నాకు ఆశ కలిగింది, వద్దంటాడేమోనని.

"వీపుతో మాకు పని లేదులెండి. ఛాతీ గట్టిగా ఉంది, చాలు" అని, గుర్రం సంగతి తేలేదాకా ఆ రాత్రికి మా ఊళ్లోనే ఆగిపోయాడు.

ఈస్టరు తెల్లవారుజామున బయల్దేరాను. వెన్నెల ఇంకా ఉంది, డొంక తెల్లగా కనపడుతోంది. గుర్రం చలిగాలికి ఊపు మీద ఉంది. పక్కపక్కకి నడుస్తూ, తల ఎగరేస్తూ, పద పద అన్నట్టు లాగుతోంది. పట్టాను, వదిలాను. బేరన్ ఎప్పుడు దాటామో నేను వెనక్కి తిరిగి చూసుకుంటే కానీ తెలియలేదు. ఇక పర్వాలేదనుకున్నానో లేదో పత్తి చేలోంచి కౌజుపిట్టల గుంపు రెక్కలు కొట్టుకుంటూ దాని కాళ్ల ముందు నుంచి లేచింది. గుర్రం లంఘించి పరుగు అందుకుంది. నా చెయ్యి అలవాటుగా బిగబట్టబోయి ఆగింది. ఒక పక్క పగ్గం మాత్రం పట్టి, పత్తి పీకేసిన దుక్కిలోకి తిప్పాను. పెద్ద చుట్టు. ఇంకో చుట్టు. కాస్త చిన్నది. నోటితో ఏదో అంటూనే ఉన్నాను, ఏమన్నానో గుర్తు లేదు. ఆరో చుట్టుకో ఏడో చుట్టుకో అది పరుగు దించి, నడక దించి, నిలబడి గట్టిగా ఊపిరి వదిలింది. నేను ఇంకా దాని మీదే ఉన్నాను.

తూర్పు తెల్లబడుతోంది. ఆలస్యమైంది. కాలవ కట్ట ఎక్కాక దారి మెత్తటి మట్టి, నెర్రెలు లేవు, రెండు మైళ్లు తిన్నగా ఉంటుంది. "పద" అని పగ్గం వదిలేశాను. నేను ఆపాలని చూడకుండా అది పరుగెత్తడం, అది పడెయ్యాలని చూడకుండా నేను కూర్చోవడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ నేను అణచాలని చూసిన ఊపు ఇదా అనిపించింది. చలిగాలికి నా కళ్లలో నీళ్లు వచ్చాయి. సంతోషానికి కూడా వచ్చాయి.

సమాధుల దగ్గర జనం కొవ్వొత్తులు వెలిగించుకుని నిలబడి ఉన్నారు. డెక్కల చప్పుడు విని అందరూ తిరిగారు. నన్ను గుర్రం వెనక కాకుండా గుర్రం మీద చూడటం వాళ్లకి కొత్త. కళ్లంలో కర్ర పట్టుకున్న ఆవిడ ముందుకి వచ్చి, దుప్పటి కింద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి వాసన చూసింది.

"పర్లేదండి" అంది.

ఆవిడ వెనకే కూతురు ఉంది. నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది. గుర్రం ముక్కు చాచి తన జడ వాసన చూసేసరికి ఆ పిల్ల నన్ను మర్చిపోయి రెండు చేతులూ ముందుకి తెచ్చి దాని మూతి పట్టుకుంది. కొవ్వొత్తుల వెలుగులో ఆ వేళ్ల చివర్లు చూశాను. తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి.

"నిన్న కూడా కోతకి వెళ్లావా?"

తలూపింది.

అందరూ వింటున్నారు. ఇక ఆగితే ఎప్పటికీ చెప్పలేనని తెలిసింది. "నీ చేతులు మండుతున్నాయని నాకు తెలీదమ్మా. తెలిసినా తెలియకపోయినా కొట్టకూడదు. తప్పు నాది" అన్నాను.

ఆ పిల్ల గుర్రం మూతి వదల్లేదు. "గుర్రాన్ని కూడా కొట్టారు గదండీ" అంది.

"దానికీ చెప్పాను."

"ఏమందండీ?"

"ఇవాళ పడెయ్యలేదు" అన్నాను.

ఎవరో నవ్వారు. సూర్యుడు రాబోతున్నాడని పెద్దలు తొందర చేస్తే ప్రార్థన మొదలుపెట్టాను.

తిరిగి వచ్చేసరికి మా చర్చి గేటు దగ్గర ట్రాక్టరు నిలబడి ఉంది. అయ్యగారు, సున్నం ఆయన పక్కపక్కనే ఉన్నారు. గుర్రం ట్రాక్టరు చప్పుడుకి చెవులు నిక్కించి, పక్కకి రెండడుగులు వేసి, నా చేతికి నిలబడింది. సున్నం ఆయన దాన్నీ నన్నూ చూసి, "మంచి గుర్రమేనండీ" అని అయ్యగారితో అన్నాడు. అయ్యగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి ట్రాక్టరు దాకా నడిపించుకు వెళ్లారు. ఖాళీ డ్రమ్ములు దడదడలాడుతూ ట్రాక్టరు మలుపు తిరిగేదాకా నేను గుర్రం దిగలేదు.

ఆ గుర్రం ఏడేళ్లు నన్ను మోసింది. నెమ్మది మాత్రం ఎప్పుడూ కాలేదు, నేనూ కాలేదు. బడికి వెళ్లే దారికి తారు పడ్డాక కూడా మేం కాలవ కట్ట మీదనుంచే వెళ్లేవాళ్లం.

ఆ ఈస్టరు తరవాత బడి తెరిచిన రోజున ఒక పెద్ద కుండలో మజ్జిగ పోసుకుని, ఒళ్లో పెట్టుకుని గుర్రమెక్కాను. ఒక చేత్తో పగ్గం, ఒక చేత్తో కుండ. లాకు దగ్గర ఒకసారి, బర్రెల మంద ఎదురొచ్చినప్పుడు ఒకసారి అది గంతేసింది. మధ్యాహ్నం పిల్లలు చేల నుంచి రాగానే వరండాలో కుండ పెట్టి, చేతులు ముంచమన్నాను. అందరికన్నా ముందు ఆ పిల్లే వచ్చింది. దారిలో సగం మజ్జిగ ఒలికిపోయింది. మిగిలిన సగం అందరి చేతులకీ సరిపోయింది.